నాయుడు పళ్ళం

ఏమన్నావు? ఆటోవాడు అన్నాడా? "నాయుడు పళ్ళం స్టాపింగ్" అనా? అంటారు మా, అట్లనే అంటారు. టౌన్ బస్సు కండక్టరు కూడా అట్లనే అరుస్తాడు. పళ్ళం అంటే తెలుసు గదా, గుంత. ఆ నాయుడు ఎవురో వానికి తెలీదు, ఆడ దిగేవాళ్ళకీ తెలీదు. సరే, వాళ్ళకెందుకు తెలియాల. నీకు తెలీదంటేనే నాకు మనసు ఒగ మాదిరిగా ఉండాది అర్చితా. ఆ నాయుడు మీ తాత మా. మీ నాయన జయప్రకాశ్‌ని కన్న తండ్రి, భక్తవత్సలం. నాకు పెదనాయన కొడుకు, అన్న. కూర్చో, ఆ కుర్చీ వద్దు, దానికి ఒగ కాలు ఆడతాది, ఇట్ల మంచం మీద కూర్చో. ఏం చూసినావు ఆడ? ముళ్ళకంప, ప్లాస్టిక్కు, మధ్యలో పచ్చగా పాచి పట్టిన నీళ్ళు. అంతే గదా. మీ నాయన ఎప్పుడూ చెప్పలేదా? చెప్పడులే. నేను చెప్పినానని వాని కాడ అనొద్దు. అనినా అనుకోపో, ఈ వయసులో నన్నేం చేస్తాడు వాడు. నీకు ఆయన మొగమన్నా గుర్తుండాదా? లేదా? కాలు లేకుండా మంచం మీద పడుకోనుంటే చూసి ఏడిచినావు నువ్వు, నిన్ను నేనే ఎత్తుకొని బయటికి తెచ్చి బజ్జీ కొనిచ్చినా. బజ్జీ గుర్తుండాదా! మంచిదే, అదన్నా ఉండాది.

మన వంశంలో అందురూ కొట్టు మనుషులు మా. మా నాయన, పెదనాయన ఇద్దురూ బజార్లో తాళ్ళు, మోకులు, గడ్డపారలు, ఇనప తట్టలు అమ్మేది. నేనూ అదే చేసినా, మోకాళ్ళు పోయేదాకా. అన్న మాత్రం కొట్లో కూర్చునే రకం కాదు. ఎవురైనా వచ్చి, "ఏమయ్యా, ఈ తాడు బలంగా ఉంటాదా?" అంటే, "ఉరేసుకునేదానికైతే చాలు" అనేవాడు. మా పెదనాయన తల కొట్టుకొని, "వీన్ని బయటికి తోలండిరా, వీడుంటే గిరాకీ మళ్ళా ఈ పక్కకు రాదు" అని కేకలేసేవాడు. అట్ల బయటికి తోలితే చేను పని చూసుకునేదానికి పోయినాడు. మూలకుళం దాటి ఇంకా పడమరకు పోతే ఎర్రనేల వస్తాది గదా, ఆడ మనకు మెట్టచేను. శెనక్కాయలు వేసేది. వానొస్తే పంట, రాకుంటే చెట్టుకు రెండు కాయలు. ఒగ దినం రోడ్లు వేసే కంట్రాక్టరు ఒగడు వచ్చి, ఆ మన్ను చేతిలోకి తీసుకొని నలిపి చూసి, "నాయుడూ, నీ శెనక్కాయలు పీకి పారెయ్. నీ పంట కింద ఉండాది" అన్నాడంట. అంతే. ఆ పొద్దు నుంచి మొదలు. ఊరు పెరగతా ఉండే కాలం అది. కొత్త నగర్లు, కొత్త రోడ్లు, అన్నిటికీ ఎర్రగ్రావెల్ కావాల. ఈ ఒర్లియంపేట వీధే చూడు, మా చిన్నప్పుడు వానొస్తే మోకాలి లోతు బురద. చెప్పులు చేత్తో పట్టుకొని బడికి పోయేది. ఎదురింట్లో ఫ్రెంచి పట్టాలంలో సిపాయిగా చేసొచ్చిన సొల్దా ఒగాయన ఉండేవాడు, పింఛన్ మనిషి, తెల్ల ప్యాంటు వేసుకొని బురదలో నిలబడి ఫ్రెంచిలో తిట్టేవాడు, ఎవుర్ని తిట్టేవాడో ఏమో. ఈ వీధిని ఎత్తు చేసింది మీ తాత మన్నే. నీ స్కూటీ నిలిపినావే వాకిట్లో, దాని కింద తవ్వితే మన చేనే వస్తాది.

నాలుగు లారీలో అయిదో ఉండేవి ఆయనకు. మంచి పెద్ద మనిషి, ఆరడుగులు, గొంతు అయితే గుంత ఈ పక్క నిలబడి మాట్లాడితే ఆ పక్కనోళ్ళు తిరిగి చూసేది. పనోళ్ళు "మొదలాళీ" అని పిలిచేది. అరవోళ్ళు యజమానిని అట్ల అంటారు గదా. మిషన్లు అప్పుడు యాడుండాయి, అంతా గడ్డపారే, తట్టే. మగోళ్ళు తవ్వుతారు, ఆడోళ్ళు నెత్తిన మోస్తారు. ఇంకొకటి చెప్తా, అది నువ్వు తెలుసుకోవాల. పైనుంచి తవ్వుకుంటా రావాలంటే చానా పని. అందుకని కింద తొలిచేది. గట్టును పాదాల కాడ బొరియ మాదిరి తొలిస్తే, పైదంతా బరువుకు తనే కూలతాది. అప్పుడు ఒగే దెబ్బకు రెండు లారీల మన్ను. ఇదే పద్ధతి అన్ని గుంతల్లోనూ, మీ తాత ఒక్కడే కాదు. ఎప్పుడు కూలతాదో కనిపెట్టేవాడు ఒగడు ఉండాల. ఆ మనిషి పేరు సుందరమూర్తి. సన్నంగా, ఎండు కట్టె మాదిరి ఉండేవాడు. గట్టు మీద చెవి పెట్టి వినేవాడంట, డాక్టరు రోగి గుండె విన్నట్ల. వాని పెండ్లాం రాసాత్తి. అదీ ఆ గుంతలోనే తట్ట మోసేది. ఒగ బిడ్డ వాళ్ళకు, రాజ్‌మోహన్, చెట్టుకు కట్టిన గుడ్డ ఉయ్యాల్లో పడుకోనుండేవాడు.

ఐప్పసి నెల, దీపావళి వచ్చే నెల. మన ఊర్లో ఐప్పసి వానలంటే నీకు చెప్పాల్నా. నిలపకుండా కురిసి ఒగ దినం తెరిపి ఇచ్చింది. ఎవురో పెద్దమనిషి రోడ్డు తెరిచేదానికి వస్తా ఉండాడు, కంట్రాక్టరు మీ తాత నెత్తి మీద కూర్చోనుండాడు. పొద్దన్నే పనికి దిగినారు. సుందరమూర్తి పైకెక్కి చూసి వచ్చి, "మొదలాళీ, పైన చీలిక కనిపిస్తా ఉండాది. ఈ పొద్దు వద్దు" అన్నాడు. అన్న ఏమన్నాడంటే, "ఒగ లోడేరా. భయమా నీకు? దా, నేనూ దిగతా నీతో." దిగినాడు మా, అది మటుకు నిజం. పైన నిలబడి వాన్ని కిందికి తోలలేదు. ఇద్దురూ దిగినారు. ఈయన ఇట్ల తిరిగి లారీవానికి ఏదో చెప్తా ఉండాడు, వెనకాల పడింది. సద్దే లేదంట. నాకు మళ్ళా మళ్ళా అదే చెప్పేవాడు, "ఆదికేశవులూ, సద్దు లేదురా. ఎవురో పక్క మీద ఒరిగినట్ల మెత్తగా ఒరిగిందిరా." రాసాత్తి గట్టు మీద నిలబడి చూస్తా ఉండాది, నెత్తిన ఉత్త తట్ట పెట్టుకొని. పారలు వేస్తే మనిషికి తగలతాదని అందురూ చేతుల్తో తోడినారు. నేను కొట్టు మూసి పరిగెత్తి పొయ్యేసరికి అన్న వేళ్ళకు గోళ్ళు లేవు. బయటికి తీసేసరికి సుందరమూర్తి నోట్లో, ముక్కులో, కండ్లలో అంతా ఎర్రమన్నే. రాసాత్తి కొంగుతో తుడస్తా ఉండాది, తుడస్తా ఉండాది.

కేసు అయింది, కొన్నాళ్ళు తిరిగినారు, అట్లనే పోయింది. అదంతా ఎందుకు ఇప్పుడు. కర్మలయినాక అన్న బండిలో బియ్యం మూటలు వేసుకొని వాళ్ళ గుడిసె కాడికి పోయినాడు. తోడుకి నన్ను పిలిచినాడు, పోయినా. రాసాత్తి బయటికొచ్చింది. మూటలు దించుతా ఉంటే, "ఎక్కించు" అనింది బండివాన్తో. అన్న, "నీ బిడ్డను నేను చదివిస్తా మా. నీకు ఇల్లు కట్టిస్తా. ఏం కావాలో అడుగు" అన్నాడు. అదేం ఏడవలేదు, అరవలేదు. "నేను పొద్దన లేస్తే ఆ గుంత కనపడతాది. నా బిడ్డ నడక నేర్చినాక ఆ పక్కకే పోతాడు. దాన్ని మూసెయ్యి అయ్యా" అనింది. ఈయన, "అంత గుంతను యెట్ల మూసేది మా?" అన్నాడు. అది, "తెరిచేటప్పుడు నన్ను అడిగినావా యెట్ల తెరిచేదని?" అని లోపలికి పోయి తడిక వేసుకునింది.

ఎవురైనా మరిచిపోతారు గదా. నేనూ అట్లనే అనుకున్నా. మరుసటి వారం కొట్టు కాడికి వచ్చినాడు. మోకు చుట్ట మీద కూర్చొని, "ఒగ గుంత మూయాలంటే ఏం కావాలరా?" అన్నాడు. "మన్ను" అంటి. "మన్ను యాడుండాది?" అన్నాడు. "అమ్మతారు, కొనుక్కోవాల" అంటి. సరే అని లేచి, వానూరు పక్క యాడో మన్ను అమ్మతారని తెలిసి బేరానికి పోయినాడు. సాయంకాలం తిరిగొచ్చి మళ్ళా అదే చుట్ట మీద కూర్చున్నాడు. "పోయినా రా. ఆడా గట్టు కింద తొలస్తా ఉండారు. ఒగ ఆడమనిషి తట్ట ఎత్తుకొని నిలబడుండాది. దాని మొగుడు లోపలుండాడు. నా గుంత పూడేదానికి ఇంకోని గుంత తవ్వించమంటావా నువ్వు?" అని నా మీద అరిచినాడు, నేనేదో చెప్పి పంపించినట్ల. ఆ వారంలోనే లారీలు అమ్మేసినాడు. అందురూ ఏమనుకున్నారంటే, పనోడు చచ్చిపోయినందుకు మనసు చెదిరింది, కొన్నాళ్ళకు సర్దుకుంటాడు అని. మీ అవ్వ కనకమ్మ, పావం, మాంగాడు అమ్మవారికి మొక్కుకునింది. సర్దుకోలేదు.

పూడ్చలేము, కాబట్టి పండిద్దాం అనుకున్నాడు. అది మాట కాదు మా, ఇరవై అయిదేండ్ల పని. మొదట గట్లు మళ్ళా కూలకుండా వాలుగా చెక్కించినాడు, మెట్లు మెట్లుగా. మెట్టు మెట్టుకూ కట్ట వేసినాడు, వాననీళ్ళు మన్నును కోసుకొని పోకుండా. అడుగున ఏముండాదంటే, ఎర్రమన్నంతా తీసేసినారు గదా, తెల్లగా సున్నపుముద్ద మాదిరి బంకమన్ను. వానకు జారతాది, ఎండకు గచ్చు మాదిరి అవతాది, గడ్డపార వేస్తే ఠంగుమంటాది. దాంట్లో ఏం మొలస్తాది? మొదటి ఏడు మామిడి, వేప, టెంకాయ అన్నీ నాటినాడు. ఒగటి మిగల్లేదు. ఆరోవిల్ పక్క ఆ తెల్లోళ్ళు బోడి ఎర్రగుట్టల్లో అడివి పెంచతా ఉండారని విని, ఆడికి పోయి తిరిగి తిరిగి చూసి వచ్చినాడు. "ముందర నీళ్ళు నిలపాలంట, తర్వాత గడ్డి, ఆ తర్వాతే చెట్టు" అన్నాడు. ఎండాకాలం చెరువులు ఎండితే ఒండ్రుమన్ను బండ్లతో తోలించినాడు. పెద్ద మార్కెట్టులో సాయంకాలం మిగిలిన అరిటాకులు, కుళ్ళిన కూరగాయలు, చేపల పొట్టలు, అన్నీ గోనెల్లో నింపుకొని పోయేవాడు. మన ఇంట్లోకి వస్తే ఆ వాసన! మీ అవ్వ వాకిట్లోనే నీళ్ళ బిందె పెట్టుండేది, ఆడ కడుక్కుంటేనే లోపలికి. బజార్లో మనోళ్ళంతా, "భక్తవత్సలం చెత్త వ్యాపారం పెట్టినాడంట" అని నవ్వేవాళ్ళు. నన్ను అడిగేది, "ఏమయ్యా ఆదికేశవులూ, మీ అన్నకు లాభం బాగుండాదా?" నేను తాడు కొలిచి ఇచ్చేది.

కానుగ పట్టుకునింది, జీడిమామిడి పట్టుకునింది. మోకాలెత్తు వచ్చినాయి. ఒగ దినం పోయి చూస్తే ఒగ మెట్టు మెట్టంతా బోడి. మేకలు. ఎవుర్ది అనుకున్నావు? రాసాత్తివే. మొగుడు పోయినాక మేకలు పెట్టుకొని బతకతా ఉండాది. కావాలనే తోలింది, అది అందురికీ తెలుసు. "బందెలదొడ్డికి తోలిద్దాం మొదలాళీ" అన్నారు పనోళ్ళు. "తిననీ" అన్నాడు. మళ్ళా నాటినాడు. మళ్ళా తినినాయి. మళ్ళా నాటినాడు. ఎన్నిసార్లో నాకు తెలీదు. చివరికి ఒగ పొద్దు అది మేకలు లేకుండా వచ్చి గట్టు మీద నిలబడింది. ఈయన కింద ఒంగి నాటతా ఉండాడు. "ఆ మూల ఏమీ పెట్టొద్దు" అనింది పైనుంచి. సుందరమూర్తి పడిన మూల. "పెట్టను" అన్నాడు. అది, "నాకు కూలి ఇస్తావా? అందురికీ ఇచ్చేదే ఇయ్యి. దయ చూపించినావంటే రాను" అనింది. అట్ల పనిలోకి వచ్చింది. ఏండ్ల తరబడి ఆ గుంతలో ఇద్దురూ పక్క పక్కన పని చేసినారు మా. అది ఆయన్ని మన్నించిందా అని నన్ను అడగొద్దు. మన్నించలేదు. ఎప్పుడూ ఆయన చేతి నీళ్ళు తాగలేదు, సొంతంగా చెంబు తెచ్చుకునేది. కానీ ఒగ మొక్క వాడిపోతే ఇద్దురూ దాని పక్కన కూర్చొని చూసేది, ఒగ బిడ్డకు జొరమొస్తే అమ్మా నాయనా చూసినట్ల. నేను కండ్లారా చూసినా.

ఆ వదిలేసిన మూల ఉండాది చూడు, ఆడ ఎవురూ నాటలేదు, నీళ్ళు పొయ్యలేదు. తంగేడు దానంతట అదే లేచింది. ఒగ మార్గళిలో, ధనుర్మాసం అంటామే, అప్పుడు పొయ్యేసరికి మూలంతా పసుపు. రాసాత్తి దాని ముందర కూర్చొని ఏడస్తా ఉండాది, గట్టిగా, అప్పుడే చావు కబురు విన్నట్ల. మీ తాత దూరంగా కట్ట మీద తల వంచుకొని కూర్చోనుండాడు. పక్కకు పోలేదు. నేను పోతానంటే చెయ్యి పట్టి ఆపినాడు.

మీ నాయన సంగతి కూడా చెప్పాల, లేకుంటే అన్యాయం. వాని మీద కోపంతో చెప్తా ఉండానని అనుకోవద్దు. జయప్రకాశ్ బడిలో "కుప్పైకారన్ కొడుకు" అనిపించుకున్నాడు మా. చెత్తోని కొడుకు అని. ఆదివారం వస్తే తోటి పిల్లోళ్ళు బీచి రోడ్డుకు పోతారు, వీడు గుంతకు పోయి బిందెలు మొయ్యాల. కాలేజీకి కట్టేదానికి లేకుంటే మీ అవ్వ గాజులు పోయినాయి, ఆ ఏడు కూడా చెరువుమన్ను తోలడం ఆగలేదు. ఒగసారి అన్నం కాడ వాడు, "నాయనా, చచ్చిపోయినోళ్ళ కోసం ఇంత చేస్తా ఉండావే, మేం బతికే ఉండాము, మా పక్క కూడా చూడు" అన్నాడు. అన్న చెయ్యి కడుక్కొని లేచిపోయినాడు. వాడు అన్నది తప్పా? నాకు ఇప్పటికీ తెలీదు. అటుపక్క రాసాత్తికీ అదే గతి. రాజ్‌మోహన్‌ని చదివించాలని మీ తాతకు చానా ఆశ, అది ఒప్పుకోలేదు. వాడు చదువు మానేసి ఏం నేర్చినాడంటే, మిషన్ తోలేది. మన్ను తవ్వే పెద్ద మిషన్. గుంతల్లోనే పని. దానికి తెలిసిన దినం వాని సంబళం డబ్బుతో తెచ్చిన కూర తీసి వీధిలో పారేసింది. "నీ నాయన్ని మింగిందిరా అది" అంటే, వాడు, "నాయన గడ్డపారతో చచ్చినాడు మా, మిషన్‌లో కూర్చుంటే చావరు" అన్నాడంట. వాడు చెప్పేదీ నిజమే గదా.

కానీ ఆ గుంత, అర్చితా! నువ్వు చూసింది కాదు అది. చివర్లో ఆడికి పోతే చెమట ఆరిపోయేది. కానుగ నీడ, నేరేడు, వేప, జీడిమామిడి పూత వాసన. అడుగున చిన్న మడుగు, నీళ్ళకోళ్ళు. ముంగిసలు. సాయంకాలమైతే నెమళ్ళు అరిచేవి. నవ్విన బజారోళ్ళే పిల్లల్ని తీసుకొని చూసేదానికి వచ్చేవాళ్ళు. ఆయనకు ముసలితనం వచ్చింది, చక్కెర వ్యాధి వచ్చింది, అయినా దినామూ పోయేది. రాసాత్తి వెంట్రుకలు కూడా తెల్లబడినాయి. నేను అనుకున్నా, పోనీ, ఇట్ల ముగిసింది, మంచిదే అని.

థానే తుఫాను నీకు తెలిసుండదు. తెలుసా? కరెంటు లేకుండా ఎన్నో దినాలు, అదా! నీకదే గుర్తు. తెల్లవారేటప్పుడు కొట్టింది మా, ఆ గాలి గాలి కాదు. వైతికుప్పంలో పడవలు తెచ్చి ఇండ్ల మీద పెట్టింది. ఊర్లో ఒగ చెట్టు నిలబడి లేదు. గాలి తగ్గీ తగ్గకముందే అన్న బయలుదేరినాడు, ఆపితే ఆగే మనిషా. బస్సు లేదు, ఆటో లేదు, రోడ్డంతా చెట్లు, స్తంభాలు. ఇద్దురం కొమ్మల మీద ఎక్కి దిగి, ఎక్కి దిగి పోయినాము. గట్టు మీద నిలబడి చూస్తే, అన్నీ పడుకోనుండాయి. అన్నీ. తల దువ్వినట్ల ఒగే పక్కకు. ఊర్లో చెట్లు విరిగి పడినాయి, ఇవి విరగలేదు మా, ఊడి పడినాయి, వేర్లతో. ఆ వేర్లు చూసినాడు ఆయన. పళ్ళెం మాదిరి చదునుగా ఉండాయి. ఈయన తోలించిన మన్ను ఎంత మందముండాదో అంతవరకే పోయినాయి, కింద తెల్లబంక తగిలేసరికి పక్కకు తిరిగినాయి. అన్నేండ్లూ ఒగ వేరు కూడా ఆ నేలలోకి దిగలేదు. ఆయన ఒగ వేరు పట్టుకొని, వేలితో అంచంతా తడిమి, "లోపలికి రానియ్యలేదురా" అన్నాడు. ఒట్టి కాళ్ళతో ఉండాడు, చెప్పు యాడో ఊడిపోయింది, పుల్ల గుచ్చుకొని పాదంలో విరిగింది. చక్కెర మనిషి, నొప్పే తెలీలేదు.

రాసాత్తి అప్పటికే ఆడుండాది. ముగ్గురం కూర్చున్నాము. మీ తాత, "వీటిని ఎత్తొద్దు. ఇట్లనే పడుండనీ. కుళ్ళి కుళ్ళి మన్ను కానీ. నేను చూడను, నువ్వు చూడవు, ఆ మందం మీద ఎప్పుడో మళ్ళా లేస్తాయి" అన్నాడు. అది తల ఊపింది. ఆయనకు అప్పుడే పాదం వాచుండాది. వారం తిరక్కముందే నల్లబడింది, ఆసుపత్రిలో చేర్చినాము, మోకాలి కింద తీసేసినారు, ఆ తర్వాత పైకి ఇంకొంచెం తీసినారు. ఆసుపత్రి ఖర్చు మీ నాయన నెత్తిన పడింది. తుఫాన్‌కు వాని కొట్టు రేకులు కూడా ఎగిరిపోయినాయి. అప్పుడే కట్టె వ్యాపారి ఒగడు వచ్చి, "మీ గుంతలో కట్టె పడుండాది, కుళ్ళే లోపల ఇస్తావా?" అన్నాడు. ఇచ్చేసినాడు. నాయన్ను బతికించేదానికే ఇచ్చినాడు మా. అది గుర్తుపెట్టుకో.

కట్టె ఎత్తేదానికి మిషన్ వచ్చింది. తోలేది రాజ్‌మోహన్. వాడే వచ్చినాడా, పంపితే వచ్చినాడా, అడగలేదు నేను. రాసాత్తి పరిగెత్తి పోయి ఒగ కానుగ మొద్దు మీద కూర్చునింది. వాడు మిషన్ ఆపి, "మా, లెయ్యి. నేను పొయ్యినా రేపు ఇంకోడొస్తాడు" అన్నాడు. లేవలేదు. వాడు అట్లనే దాని చుట్టూ తిరిగి అన్నీ ఎత్తినాడు. ఆ మిషన్ చక్రాల పట్టాలు తిరిగి తిరిగి, పైన ఉండే నల్లమన్నంతా కెలికేసింది. మెట్లు పోయినాయి, కట్టలు పోయినాయి. పొద్దుగుంకేసరికి ఆ ఒగ మొద్దు, దాని మీద అది, చుట్టూ తెల్లబంక. వాడు దిగొచ్చి అమ్మ కాళ్ళ కాడ కూర్చున్నాడంట. అది వాని తల మీద చెయ్యి పెట్టలేదంట, కాలితో తన్నలేదంట.

ఆసుపత్రిలో ఆయన ఎవురొచ్చినా అదే అడిగేది, "చెట్లు అట్లనే పడుండాయా?" ఉండాయి, ఉండాయి అని అందురూ చెప్పేది. ఆయన నమ్మలేదు. "రాసాత్తిని పిలవండి" అన్నాడు. నేనే పోయి పిల్చుకొచ్చినా. ఏం చెప్పాలని నేను దానికి చెప్పలేదు, అది అడగలేదు. వచ్చి మంచం కాడ నిలబడింది. ఆయన్ను, ఆ దుప్పటి కింద లేని కాలును చూసింది. "చెట్లు?" అన్నాడు. "ఉండాయయ్యా. పడినవి పడినట్ల ఉండాయి. పుట్టగొడుగులు కూడా లేచినాయి" అనింది. ఆయన దాని మొగమే చూస్తా ఉండాడు. "రాజ్‌మోహన్ ఏం చేస్తా ఉండాడు?" అన్నాడు. "పని లేదు. ఇంట్లోనే ఉండాడు" అనింది. గొంతు మారలేదు మా, కండ్లు మాత్రం కిందికి పోయినాయి. ఆయన మెల్లగా, "ఇన్నేండ్లలో నువ్వు నాతో ఒగ మంచి మాట చెప్పలేదు రాసాత్తీ. ఈ పొద్దు చెప్తా ఉండావు" అన్నాడు. అని, మొగం గోడ పక్కకు తిప్పుకున్నాడు. మళ్ళా ఎవురితోనూ మాట్లాడలేదు. మీ నాయన వచ్చి కూర్చునేది, నేను కూర్చునేది, మీ అవ్వ గంజి పట్టుకొని నిలబడేది. గోడ పక్కకే. అట్లనే పోయినాడు.

ఆయనకు అట్ల చెప్పిన దినమే రాసాత్తి ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చోనుండాది, నేను వచ్చేసరికి. లేచి, "అయ్యా, నేను మీ అన్న మీద ఎంత కోపం పెట్టుకున్నానో దేవునికి తెలుసు. అయినా నిజం నోట్లోకి రాలేదు. చెప్పుండాల్నా?" అని అడిగింది.

ఆ ఫ్యాను కొంచెం తగ్గించు మా. గాలి నేరుగా తగలతా ఉండాది.